సొరచేప గుండెలో దొరికిన ఈల్ పరాన్నజీవేనా?

మీ ప్రశ్న: సొరచేప గుండెలో ఈల్‌లు (పాములాంటి పొడవాటి చేపలు) దొరికాయన్న వార్త నిజమేనా, అవి రక్తం తాగి బతికే రకమా?

వార్త నిజమే. 1992లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో మాంటాక్ రేవుకు 395 కిలోల మాకో సొర ఒకటి చేరింది. కోసి చూస్తే గుండె లోపల రెండు ఈల్‌లు, ఒక్కోటి జానెడు పొడవు. వాటి పొట్టల నిండా రక్తమే. వాటి శాస్త్రీయ నామం సిమెన్‌కెలిస్ పారసిటికా. ఇంతవరకు పేచీ లేదు. రక్తం తాగి బతికే రకమంటే మాత్రం నేను ఒప్పుకోను.

కొన్నాళ్లు పరిశోధన ఓడ మీద చేపల నమూనాలు వేరుచేసే పని చేశాను. వల్లో వచ్చినవాటిలో ఈ ఈల్‌ని చూడకుండానే గుర్తుపట్టొచ్చు. ఒళ్లంతా జిగురు, గ్లవుజు వేసుకున్నా చేతిలోంచి జారిపోతుంది. మూతి మొద్దుగా, ఎవరో కోసేసినట్టు ఉంటుంది. దాని చివర అడ్డంగా చిన్న గాటు, అదే నోరు. పెదవి పైకెత్తి చూస్తే పొట్టి పళ్లు ఒకే వరుసలో సందు లేకుండా ఉంటాయి. రక్తం పీల్చడానికి ఆ పళ్లతో ఏం పని? అది మాంసం ముక్క కొరికి తీసుకునే నోరు. దవడ చిన్నదే అయినా దాని వెనక కండ చాలా బలమైనది.

ఎర కట్టి సముద్రం అడుగుకు దించిన కెమెరా వీడియోలూ బోలెడు చూశాను (సగం టైమ్ బురద తప్ప ఏమీ కనబడదు, అది వేరే సంగతి). వాసన పసిగట్టి వచ్చిన ఈల్ ఎరను కరిచి పట్టుకుని, ఒళ్లంతా గిరగిరా తిప్పి ముక్క ఊడదీస్తుంది. చచ్చిన చేప దొరికితే దానికి పండగే. చావుకు దగ్గరపడి, విదిలించుకోలేని పెద్ద చేప దొరికినా వదలదు. మాకో విషయంలోనూ అదే జరిగి ఉంటుందని నా అభిప్రాయం: గాలానికి చిక్కి నీరసించిన సొరలోకి మొప్పల దగ్గరో గొంతు దగ్గరో దూరి, రక్తనాళం వెంట గుండె దాకా వెళ్లి ఉంటాయి. అవకాశం దొరికింది, వాడుకున్నాయి. అంతే.

ఈత కొట్టేవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. ఇవి ఉండేది ఎక్కువగా 500 మీటర్ల కింద.

ఆన్‌లైన్‌లో దీని పేరు పెట్టిన వీడియోలు చాలావాటిలో ఉన్నది వేరే జాతి, సినాఫోబ్రాంకస్. అదీ ఎర దగ్గరికి వెంటనే వచ్చేస్తుంది కాబట్టి జనం పొరబడతారు. దాని మూతి సూదిగా ఉంటుంది, నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది. మూతి మొద్దుగా, నోరు కొసన మాత్రమే ఉంటేనే మీరు అడిగిన ఈల్.