పెదనాన్న ట్రస్టు సొమ్ము నా ఖాతాలో వేసుకుని పంచవచ్చా?

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఉండే మా పెదనాన్నగారు గత నెల కాలం చేశారు. ఇల్లు, బ్యాంకు ఖాతా లివింగ్ ట్రస్టులో (బతికుండగానే ఆస్తిని వారసుల కోసం అప్పగించే ఏర్పాటు) పెట్టి, తన తదనంతరం నన్ను ట్రస్టీగా, అంటే దాన్ని నిర్వహించే వ్యక్తిగా నియమించారు. ఆస్తి ఆయన కొడుకుకు, కూతురికి చెందుతుంది. అన్నయ్య తన వాటా వెంటనే ఇమ్మంటున్నాడు. డబ్బు నా ఖాతాకు మార్చుకుని పంచేయవచ్చా?

జవాబు: పంచకండి. మీ ఖాతాలోకి ఒక్క డాలరు కూడా రానీయకండి. ఆ సొమ్ముపై నిర్వహణాధికారం మీదే అయినా, దాని ఫలం పొందే హక్కు పూర్తిగా ఆ అన్నాచెల్లెళ్లది. ట్రస్టు సొమ్మును సొంత సొమ్ముతో కలపడం, ఉద్దేశం ఎంత మంచిదైనా, బాధ్యతను ఉల్లంఘించడమే.

అసలు ఈ బాధ్యత తీసుకోవాలా వద్దా అన్నది ముందు నిర్ణయించుకోండి. ఇష్టం లేకపోతే ఇప్పుడే నిరాకరించవచ్చు. అంగీకార పత్రంపై సంతకం చేయకపోయినా, ట్రస్టీ హోదాలో తెలిసి అధికారం చెలాయిస్తే అంగీకరించినట్టే చట్టం భావిస్తుంది.

అంగీకరిస్తే, మరణించిన తేదీ నుంచి 60 రోజుల్లోగా లబ్ధిదారులకూ (ట్రస్టు ఆస్తి పొందేవారికి), ట్రస్టులో పేరున్నా లేకపోయినా చట్టప్రకారం వారసులైన వారందరికీ లిఖితపూర్వకంగా నోటీసు పంపాలి. చట్టం నిర్దేశించిన హెచ్చరిక అందులో ఉండాలి కనుక దాన్ని న్యాయవాది చేతనే రాయించండి. నోటీసు అందజేసిన నాటి నుంచి సాధారణంగా 120 రోజుల వరకు ట్రస్టు చెల్లుబాటును కోర్టులో సవాలు చేయవచ్చు. ఆ గడువు తీరకముందే సొమ్మంతా పంచేసి, తర్వాత వివాదం వస్తే, వెనక్కి రాబట్టే భారం మీ మీదే పడుతుంది.

పన్నుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పెదనాన్నగారి మరణంతో ట్రస్టు వేరే పన్ను చెల్లింపుదారు అవుతుంది కాబట్టి, ఐఆర్‌ఎస్ (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) నుంచి దానికి ప్రత్యేక గుర్తింపు సంఖ్య తీసుకుని, ఆ సంఖ్యతో ట్రస్టు పేరిట ఖాతా తెరవాలి. ఏడాదికి 600 డాలర్లు, ఆపైన స్థూల ఆదాయం వస్తే ట్రస్టు తరఫున ఆదాయపు పన్ను రిటర్ను అయిన ఫారం 1041 దాఖలు చేయాలి. పెదనాన్నగారి చివరి వ్యక్తిగత రిటర్ను దీనికి అదనం. ఆయన బాకీలు, పన్నులు తేలకుండా వాటాలు పంచి, చివరికి ప్రభుత్వానికి కట్టడానికి ట్రస్టులో ఏమీ మిగలకపోతే ఆ బాకీ మీ మెడకు చుట్టుకోవచ్చు.

ఇంటికి మరణ తేదీ నాటి విలువను అర్హుడైన మదింపుదారుతో లిఖితపూర్వకంగా కట్టించండి. రేపు ఇల్లు అమ్మినప్పుడు లాభంపై పన్నును సాధారణంగా ఆ విలువ ఆధారంగానే లెక్కిస్తారు గనుక, ఈ ఒక్క కాగితం మీ అన్నయ్యకూ చెల్లెలికీ ఎంతో పన్ను మిగల్చగలదు. ఇల్లు ఖాళీగా ఉంటే బీమా సంస్థకు ఆ సంగతి చెప్పండి. చాలా పాలసీలు ఖాళీ ఇళ్లకు రక్షణను కుదిస్తాయి. ఆ ఇంటిని, మార్కెట్ ధర ఇచ్చి అయినా సరే, మీరే కొనుక్కునే ఆలోచన ఉంటే, లబ్ధిదారులిద్దరి అంగీకారమో కోర్టు అనుమతో లేకుండా ముందుకు వెళ్లవద్దు.

ప్రతి చెల్లింపుకూ రసీదు ఉంచి, కనీసం ఏడాదికొకసారి లబ్ధిదారులకు లెక్క చూపండి. మీ శ్రమకు ట్రస్టు పత్రం అనుమతించినంత, అది ఏమీ చెప్పకపోతే సమంజసమైనంత ప్రతిఫలం తీసుకోవచ్చు; అది మీ ఆదాయంగా పన్నుకు లోబడుతుంది.

అన్నయ్యకు మాత్రం నోటిమాటతో సరిపెట్టకుండా, ఏ పనులు మిగిలి ఉన్నాయో, వాటా ఎప్పటికి అందవచ్చో ఉత్తరం రాసి, దాని ప్రతిని ఆయన చెల్లెలికి కూడా పంపండి. ఆయనకు నిజంగా అత్యవసరమైతే, ట్రస్టు పత్రం అనుమతిస్తే, పన్నులకూ బాకీలకూ సరిపడా సొమ్ము నిలిపి ఉంచుకుని, న్యాయవాది పరిశీలించిన తర్వాత కొంత ముందుగా ఇచ్చి రసీదు రాయించుకోవచ్చు.