రాజద్రోహమా, దేశద్రోహమా?

సందేహం: సార్ నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు, హన్మకొండల జర్నలిజం చదువుతున్న. ఒక హక్కుల కార్యకర్త మీద కేసు పెడితే ఒక పేపర్ల రాజద్రోహం అని, ఇంకో పేపర్ల దేశద్రోహం అని వచ్చింది. మా రూమ్మేటు రెండూ ఒకటే అంటది. నాకైతే తేడా ఉన్నట్టే అనిపిస్తుంది. ఏది రాయాలె సార్?

సమాధానం: నీకు అనిపించిందే కరెక్టు బిడ్డా, రెండు మాటలు ఒకటి కావు.

ద్రోహం అనే మాట ఒంటరిగ నిలవది, ఎవరికి జరిగిందో వాళ్ల పేరు ముందల ఉండాలె. మిత్రద్రోహం అంటే మిత్రునికి, గురుద్రోహం అంటే గురువుకు. నమ్మకద్రోహం అంటం చూడు, అచ్చ తెలుగు నమ్మకానికి సంస్కృత ద్రోహం తగిలించిన్రు, వ్యాకరణం చదువుకున్నోళ్లు మొహం ముడుచుకున్నా జనం నోట్ల అది ఎప్పుడో స్థిరపడిపోయింది. ఆ లెక్కన రాజద్రోహం ఏలేటోనికి చేసింది, దేశద్రోహం దేశానికి చేసింది. ఏలేటోడు, దేశం రెండూ ఒకటే అనుకున్నప్పుడే ఈ రెండు మాటలు ఒకటైతయి, అసలు పేచీ అంతా ఆడనే ఉన్నది.

నేరాలు, శిక్షలు చెప్పే పాత చట్టం ఐపీసీల 124-ఎ సెక్షన్ 1870ల ఇంగ్లీషోళ్లు చేర్చిన్రు. దాంట్ల రాసుకున్నది సర్కారు మీద ద్వేషం, ధిక్కారం, అప్రీతి రేపుడు గురించి, దేశం గురించి కాదు. 1908ల తిలక్‌కు ఆరేండ్ల శిక్ష వేసి బర్మాల మాండలే జైలుకు పంపింది ఈ సెక్షన్ కిందనే, 1922ల అహ్మదాబాద్ కోర్టుల గాంధీకి ఆరేండ్లు వేసింది కూడ ఈ సెక్షన్ కిందనే. వాళ్లిద్దరు దేశానికి ద్రోహం చేసిన్రని ఈ దేశంల ఎవరన్న అంటరా? అందుకే ఆ సెక్షన్‌కు రాజద్రోహం అన్నదే సరైన తెలుగు. రాజులు పోయినంక ఈ మాటెందుకు అని కొందరు అడుగుతరు, కాని రాజధాని, రాజకీయం, రాజ్యసభ అని రోజూ అంటనే ఉన్నం గదా, వాటిల్ల రాజు ఎక్కడున్నడు? సర్కారును తిట్టినంత మాత్రాన ఈ కేసు నిలవదు, హింసకు ఉసిగొల్పితేనో, అల్లర్లు రేపే ఉద్దేశం ఉంటేనో నిలుస్తది అని 1962ల కేదార్‌నాథ్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది, 2022 మే 11న ఆ సెక్షన్‌నే పక్కన పెట్టిచ్చింది.

ఇప్పుడు 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత నడుస్తుంది, 124-ఎ లేదు, 152 వచ్చింది. రాజద్రోహం తీసేసి దేశద్రోహం పెట్టినమని హోంమంత్రి పార్లమెంటుల చెప్పిండు కాబట్టి పేపర్లోళ్లు ఆ మాటే పట్టుకున్నరు. కాని సెక్షన్ శీర్షికల ఉన్నది దేశ సార్వభౌమత్వం, ఐక్యత, సమగ్రతలకు ముప్పు తెచ్చే చర్య అని, ద్రోహం అన్న మాట ఆడ లేదు. కాబట్టి నువ్వు "152 సెక్షన్ కింద కేసు" అని రాసి, పోలీసుల ఆరోపణ ఏందో ఒక ముక్కల చెప్పు.

ఇంకోటి, ఇది మస్తు ముఖ్యం. ద్రోహం కేసు అంటే ఆరోపణ, ద్రోహి అంటే తీర్పు. ఒక్క అక్షరం మారంగనే మనిషి దోషి అయిపోయిండు. "దేశద్రోహి అరెస్టు" అని హెడ్డింగ్ పెట్టినోడు జడ్జి చెయ్యాల్సిన పని తనే చేసిండన్నట్టు. మన కోర్టుల ముద్దాయి అనే మాట చూడు, ఉర్దూల ముద్దయీ అంటే కేసు వేసినోడు, తెలుగులకొచ్చేసరికి కేసు పడ్డోడు అయిండు! మాటలు ఇట్ల తిరగబడుతయి, అందుకే హక్కు అడిగినోణ్ణే నేరస్థుణ్ణి చేసే మాట రాసేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలె.

ఇది మనకు కొత్త కాదు. ప్రత్యేక రాష్ట్రం అడిగిన రోజుల్ల మనల్ని వేర్పాటువాదులు అని రాసిన్రు. రాజ్యాంగం 3వ అధికరణం కింద రాష్ట్రం అడుగుడు వేరు, దేశం నుంచి విడిపోతమనుడు వేరు, ఆ ఒక్క మాటతోని రెండూ కలిపేసిన్రు, మనకు ఎంత మండిందో నీకు ఇంట్ల పెద్దోళ్లు చెప్తరు. మనం కూడ తక్కువ తినలేదు, ఉద్యమంల మనతోని కలిసిరాని ప్రతోణ్ణీ తెలంగాణ ద్రోహి అన్నం. నేనూ అన్న. తప్పే అది, ఇప్పుడు రాయమంటే రాయ.

వరంగల్‌ల పిల్లల డాక్టరు, పౌర హక్కుల సంఘం నాయకుడు రామనాథం గారిని 1985 సెప్టెంబర్ 3న ఆయన క్లినిక్‌లనే కాల్చి చంపిన్రు. కాకతీయ యూనివర్సిటీల లెక్కలు చెప్పిన బాలగోపాల్ గారు సర్కారునూ అడిగిండు, నక్సలైట్ల హింసనూ ప్రశ్నించిండు, 1998ల మానవ హక్కుల వేదిక పెట్టిండు. అట్లాంటోళ్లు సర్కారును అడిగింది నువ్వు రాసుకున్న చట్టం నువ్వే పాటించమని. దాంట్ల ఎవరి నమ్మకం వమ్మయిందని ద్రోహం అంటం?

మీ రూమ్మేటుకు ఇది చదివి వినిపియ్యి. పాత 124-ఎ కేసుల గురించి రాస్తే రాజద్రోహం అనే రాయి, కోర్టు తీర్పు రాకముందు ద్రోహి అని మాత్రం ఎవరినీ రాయకు. పోలీసు ప్రెస్‌నోట్‌ల ఆ మాట ఉంటే కొటేషన్ల పెట్టి, పోలీసులు అన్నరని రాయి.