185 రూపాయల తేడా ఎక్కడిది?

ప్రశ్న: సార్, మాది పర్లాకిమిడి, ఇల్లు కడదామని 20 లక్షల లోనుకి వెళ్లాను, ఎనిమిదిన్నర పర్సెంటు, 20 ఏళ్లు. బ్యాంకులో ఈఎంఐ 17,356 అన్నారు. బరంపురంలో ఉండే మా బావమరిది పెన్‌డ్రైవ్‌లో ఏదో షేర్‌వేర్ ఇచ్చాడు, అందులో అవే అంకెలు కొడితే 17,171 అంటోంది. నెలకి 185 అంటే 240 నెలలకి 44,400 కదా, బ్యాంకోళ్లు నొక్కేస్తున్నారా? అడిగితే ఒడియాలో గడగడా చెప్పేశారు, నాకు ఒడియా బాగానే వచ్చు గానీ వడ్డీ లెక్కల ఒడియా రాదు. పైగా ఈ సాఫ్ట్‌వేర్ మొదటి 12 నెలల షెడ్యూలు (నెల నెలా అసలెంత, వడ్డీ ఎంత అనే పట్టిక) చూపించి మిగతాది కావాలంటే డబ్బు కట్టమంటోంది. బావమరిదేమో క్రాక్ ఉంది బావా, డబ్బు కట్టకుండానే తాళం తీసేస్తుంది అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక టీచర్, పర్లాకిమిడి

జవాబు: బ్యాంకు లెక్క కరెక్టే మాస్టారూ. మన దగ్గర ఎనిమిదిన్నరని 12తో భాగించి నెల నెలా మిగిలిన అసలు మీద వడ్డీ వేస్తారు. మొదటి నెల వడ్డీకే 14,167 పోతుంది, మీ అసల్లో తగ్గేది 3,189 మాత్రమే (చూస్తే కడుపు మండుతుంది, ఏం చేస్తాం). కెనడాలో ఫిక్స్‌డ్ రేటు ఇంటి లోన్లకి ఆరు నెలలకోసారి చక్రవడ్డీ కట్టే పద్ధతి ఉంది, మీ అంకెలు అలా వేసి చూస్తే సరిగ్గా 17,171 వచ్చింది. అంటే దొంగ దొరికినట్టే, సెట్టింగ్స్‌లో కాంపౌండింగ్ అన్నచోట సెమీ యాన్యువల్ ఉంటే తీసేసి మంత్లీ పెట్టండి.

ఇక కొనడం గురించి. షేర్‌వేర్ అంటేనే వాడి చూడు, నచ్చితే కొను అని, ఫ్లాపీల కాలం నుంచీ అంతే, కాబట్టి 12 నెలల దగ్గర ఆగిపోవడం మోసమేం కాదు. క్రాక్ మాత్రం వద్దు, బావమరిది మంచోడే కావచ్చు గానీ ఆ క్రాక్ చేసినోడెవడో మనకి తెలీదు, మీరు బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టేది కూడా అదే కంప్యూటర్లో కదా. అసలు దీనికి డబ్బెందుకండీ, ఎక్సెల్లో గానీ ఫ్రీగా దొరికే లిబ్రేఆఫీస్ కాల్క్‌లో గానీ పీఎంటీ (PMT) అనే ఫంక్షన్ ఉంది, రేటు దగ్గర 8.5%/12, తర్వాత 240, తర్వాత మైనస్ పెట్టి 2000000 ఇవ్వండి, 17,356 వచ్చేస్తుంది.

అది వచ్చాక ఇంకోటి కూడా వేసి చూడండి, నన్నడిగితే 185 కంటే ఇదే ముఖ్యం. మొదటి ఏడాది చివర చేతిలో ఓ లక్ష ఉండి అసలుకి కట్టేసి, ఈఎంఐ మార్చకుండా అలాగే కడితే లోను 26 నెలలు ముందే తీరిపోతుంది, దాదాపు నాలుగున్నర లక్షల రూపాయల వాయిదాలు మిగిలినట్టు. కాకపోతే ఈఎంఐ తగ్గించొద్దు, నెలలు తగ్గించండి అని మీరే రాసివ్వాలి. ఫ్లోటింగ్ రేటు (మధ్యలో మారుతూ ఉండే వడ్డీ) అయితే ఇలా ముందు కట్టినందుకు ఛార్జీ వెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు రూలు ఉంది, ఫిక్స్‌డ్ అయితే వెయ్యొచ్చు, అందుకని మీది ఏదో సంతకానికి ముందే అడిగేయండి.