హాల్లో వద్దు, మంచం పక్కన మొదలుపెట్టు

చి. బాబుకి, పర్లాకిమిడి నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ రాత్రే చూశాను. మెడికల్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ పిల్లల్ని కలిపి నేర్పించే పని నీకు అప్పజెప్పారని తెలిసి ఎంత సంతోషం వేసిందో. నువ్వు పంపిన ప్లాను కూడా చదివాను. సెమినార్ హాలు, రెండు వందల మంది, నాలుగు లెక్చర్లు, ఆఖర్న సర్టిఫికెట్. అది వద్దు నాయనా. ఒకే హాల్లో ఒకే లెక్చరు విన్నంత మాత్రాన పక్క కుర్చీలో ఉన్నవాళ్లు వార్డులో ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇదే చెప్పింది: వేర్వేరు వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలని. నీ ప్లానులో ఆ మూడోది ఉంది, అదీ సగమే.

ఇంత పట్టుగా ఎందుకు చెప్తున్నానంటే, నేను నర్సుగా చేరిన రెండో ఏడు, గుమ్మ పక్క కొండ మీది ఊరి నుంచి ఒకాయన టీబీతో మా వార్డుకి వచ్చాడు. సవర తప్ప ఇంకో భాష రాదు. మందులు మొదలెట్టిన మూడో రోజు ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని బాత్రూం దగ్గరికి తీసుకెళ్లి చూపించింది, తెల్లటి గచ్చు మీద నారింజ రంగు మరక. రక్తం పోతోందని ఆవిడ భయం. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం ఆ రంగులో వస్తుంది, దానివల్ల ప్రమాదం లేదు, ఇవాళ ఏ ఫార్మసీ స్టూడెంటునడిగినా చెప్తారు, కానీ ఆ రోజు నాకు తెలియదు. రౌండ్స్‌లో అడుగుదామనుకున్నాను. ముందు డాక్టరు గారు, వెనక స్టూడెంట్లు, అందరికన్నా వెనక కేస్‌షీట్లు పట్టుకుని నేను. నోరు పెగల్లేదు. మర్నాటికి మంచం ఖాళీ. ఆరు నెలలు వాడాల్సిన మందు వారం కూడా వాడలేదు. నాలుగు నెలల తర్వాత మళ్లీ మోసుకొచ్చారు, అప్పటికి ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. రోగం సరిగ్గానే కనిపెట్టారు, మందు సరిగ్గానే రాశారు, ఆవిడ భయం సంగతి మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

అందుకని మొదటి రోజే రోగి దగ్గరికి తీసుకెళ్లు, ముందు ఆయన్ని అడిగి ఒప్పించి. ఒక్కో కోర్సు నుంచి ఒకరిద్దరు, మొత్తం ఆరుగురు చాలు. ఇవాళో రేపో డిస్చార్జ్ అయ్యే షుగర్ పేషెంటైతే మంచిది. మాట్లాడుకోకుండా ఎవరికి వారు మూడు ప్రశ్నలు కాగితం మీద రాయమను, తర్వాత చదివించు. డాక్టరు చదివే పిల్ల షుగర్ రీడింగులు అడుగుతుంది. నర్సింగ్ పిల్ల ఇంట్లో ఇంజెక్షన్ ఎవరు చేస్తారంటుంది. ఫిజియో పిల్లాడు పాదం కింద పుండు చూస్తాడు, నడక చూస్తాడు. ఫార్మసీ పిల్లాడు, విప్పని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కదా, మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా అంటాడు. ఆ ఒక్క ప్రశ్నకి మిగతావాళ్లు తలలు పైకెత్తుతారు చూడు, నాకు అదే కావాలి. ఆపైన ఆరుగురూ కలిసి ఒకే డిస్చార్జ్ కాగితం రాయాలి, ఆ ఇంటి పరిస్థితికి సరిపోయేలా.

వార్డులో సవర తెలిసిన పిల్ల ఉంటే, ఏ కోర్సైనా సరే, రోగితో మాట్లాడే పని ఆ పిల్లకే ఇవ్వు. మన వైపు ఒడియా, తెలుగు రెండూ వస్తే సరిపోతుందనుకుంటాం గానీ, కొండ దిగి వచ్చినవాళ్లకి చాలదు.

మాట అందించడం కూడా నేర్పించాలి, ధైర్యం దానంతటదే రాదు. ఎస్‌బార్ అని ఉంది, అమెరికా నౌకాదళం నుంచి ఆసుపత్రులకొచ్చిన పద్ధతి: ఇప్పుడేం జరుగుతోంది, దీని వెనక సంగతేంటి, నాకేమనిపిస్తోంది, ఏం చేయమంటున్నాను. నాలుగే నాలుగు వాక్యాలు. నర్సింగ్ పిల్లలు చెప్తుంటే మెడికల్ పిల్లలు విని తిరిగి చెప్పాలి, తర్వాతి వారం తారుమారు.

అసలు కష్టం పిల్లలతో కాదు, టీచర్లతో. ఒక డాక్టరు, ఒక నర్సింగ్ ట్యూటరు జంటగా క్లాసు తీసుకోవాలి, ఒకరి మాట ఒకరు విన్నట్టు పిల్లలకి కనిపించాలి. పిల్లల ముందు ఒక్కసారి "సిస్టర్, మీరాగండి" అన్నారా, నువ్వు నెల రోజులు చేసిందంతా అక్కడే పోతుంది. ముందు వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడు. టైం టేబుల్ సంగతి ప్రిన్సిపాళ్లందరి దగ్గరా రాతపూర్వకంగా తీసుకో, నోటిమాటైతే పరీక్షలు రాగానే మొదట ఎగిరిపోయేది నీ గంటే.

స్వీడన్‌లో లిన్‌షోపింగ్ యూనివర్సిటీ వాళ్లు 1986లో ఇలా కలిపి నేర్పడం మొదలెట్టి, పదేళ్లకి 1996లో, స్టూడెంట్లే పెద్దల పర్యవేక్షణలో నడిపే వార్డు తెరిచారు. పదేళ్లు పట్టింది బాబూ. నిన్ను ఆర్నెల్లలో రిపోర్టు అడిగితే టెన్షన్ పడకు. మార్కులు పెట్టాల్సి వస్తే, పక్కవాళ్ల పని గురించి కొత్తగా ఏం తెలిసిందో ఒక పేజీ రాయించి దానికి పెట్టు.

మొదటి క్లాసు ఏ రోజో చెప్పు. పొద్దున్న బస్సుకి బరంపురం వచ్చేస్తాను. ఆ మూత్రం రంగు సంగతి పిల్లలకి నేనే చెప్తాను.

పెద్దమ్మ