టెక్ సందేహాలు: ఫొటోలు వంద ఉన్నా అది ఏ గోడో తెలియాలి

ప్రశ్న: విజయవాడలో మాది ఇన్సూరెన్స్ సర్వే ఆఫీసు. కొత్త ట్రైనీలు నీట మునిగిన ఇళ్లను ఫోన్‌తో స్కాన్ చేసి ప్లాన్ తెస్తున్నారు. ఒకే ఇంటికి ఇద్దరు తెచ్చిన విస్తీర్ణాలు కలవడం లేదు. పాలసీలో రాసిన కార్పెట్ ఏరియాతోనూ తేడా వస్తోంది. మంచి యాప్ చెప్పండి.

జవాబు: యాప్ మార్చినంత మాత్రాన ఈ తేడా పోదు. కాంతిని పంపి దూరం కొలిచే లైడార్ సెన్సర్ ఉన్న ఫోన్లు (ఐఫోన్‌లలో 12 ప్రో నుంచి ప్రో మోడళ్లు) గదిని బాగానే కొలుస్తాయి కానీ వాటి చూపు సుమారు 5 మీటర్లే. బీరువా అద్దం ఎదురైతే దాని వెనక ఇంకో గది ఉందనుకుంటాయి. సామాను గోడకు ఆనించి పేర్చి ఉంటే గోడ గీతను ఊహించి గీస్తాయి. లైడార్ లేని ఫోన్లు కెమెరాతోనే అంచనా వేస్తాయి కాబట్టి కరెంటు లేని చీకటి గదిలో, ఏ గుర్తూ లేని తెల్లగోడ ముందు ఇంకా తప్పుతాయి. అందుకే స్కాన్‌ను ఆకారం కోసం వాడండి, కొలతలు మాత్రం లేజర్ మీటర్‌తో తీసి సరిదిద్దండి.

లేజర్ మీటర్‌తో కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. కొలత పరికరం వెనక అంచు నుంచా, ముందు అంచు నుంచా అన్నది తెరపై చిన్న గుర్తుగా కనిపిస్తుంది. అది మారిపోతే పరికరం పొడవు మేర ప్రతి కొలతా తప్పే. ఇంట్లోకి అడుగుపెట్టగానే టేపుతో ఒక తలుపు వెడల్పు కొలిచి, లేజర్‌తోనూ కొలిచి సరిచూడమనండి.

ఇక కార్పెట్ ఏరియా. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో ఇంటి బీమా మొత్తాన్ని కార్పెట్ ఏరియా, నిర్మాణ ఖర్చుల ఆధారంగానే లెక్కిస్తారు, కాబట్టి ఇక్కడ అజాగ్రత్త కుదరదు. గదుల లోపలి కొలతలు కూడితే వచ్చేది కార్పెట్ ఏరియా కాదు. గదుల మధ్య అడ్డుగోడల మందం అందులో చేరాలి. బయటి గోడలు, బాల్కనీ, వరండా చేరకూడదు. ప్లాస్టరుతో కలిపి 14 సెంటీమీటర్ల అడ్డుగోడలు మొత్తం 12 మీటర్ల పొడవుంటే 1.68 చదరపు మీటర్లు అక్కడే తగ్గిపోతాయి. మీ తేడాలో కొంత ఇదే అయి ఉండొచ్చు.

స్కెచ్‌లో ప్రతి గదికీ ఒక నంబరు, తలుపున్న గోడ నుంచి సవ్యదిశలో గోడలకు 1, 2, 3, 4 వేయించండి. ఎదురెదురు గోడలు రెండూ కొలవాలి. గది మూలమట్టంగా ఉందో లేదో తెలియడానికి ఒక కర్ణం (మూల నుంచి ఎదుటి మూలకు దూరం) కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగిన సింగ్‌నగర్ ఇళ్లలా రోజుల తరబడి నీళ్లలో ఉన్నచోట, చెమ్మ నీటి గీతను దాటి పైకి ఎక్కుతుంది. నీటి గీత ఎత్తు, చెమ్మ ఎత్తు రెండూ విడిగా రాయాలి. ఉదాహరణకు 3.66 × 3.05 మీటర్ల గదిలో చుట్టుకొలత 13.42. చెమ్మ 1.20 మీటర్ల ఎత్తు ఉంటే 16.10 చదరపు మీటర్లు అనిపిస్తుంది. 0.90 మీటర్ల వెడల్పున్న తలుపు తీసేస్తే నికరంగా 15.02. స్కెచ్‌లో తలుపు గీయకపోతే లేని ప్లాస్టరుకు లెక్క కడతారు. కిటికీ అడుగు ఎత్తు కూడా రాయకపోతే చెమ్మ దానిదాకా వచ్చిందో లేదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

ఫొటోలూ ఇదే వరుసలో. ముందు ఇల్లు బయటి నుంచి నాలుగువైపులా, తర్వాత ప్రతి గదీ మూలల నుంచి, ఆ తర్వాత గోడ మొత్తం, చివరికి టేపు ఆనించి దెబ్బతిన్న చోటు దగ్గరగా. ఫ్రిజ్, మోటారు అయితే సీరియల్ నంబరు ప్లేటు విడిగా. పేరు ‘గది3-గోడ2-01’ లాగా ఉండాలి. దగ్గరి ఫొటో ఒక్కటే ఉంటే అది ఏ ఇంటి బీటయినా కావచ్చు.

శిక్షణకు నాకు నచ్చిన పరీక్ష: ఒక ట్రైనీ తెచ్చిన స్కెచ్, ఫొటోలను ఆ ఇల్లు చూడని మరో ట్రైనీకిచ్చి ప్లాస్టరు, రంగు, చెక్క పరిమాణాలు రాయమనండి. అతను ఆగి ఏ ప్రశ్న అడిగాడో, మొదటి ట్రైనీ రాయకుండా వదిలేసింది అదే.

ప్రశ్న: సైట్ నుంచి వాట్సాప్‌లో పంపిన ఫొటోల్లో తేదీ, లొకేషన్ కనిపించడం లేదు. ఎందుకు?

జవాబు: వాట్సాప్ ఫొటోను కుదించి, అందులో దాగి ఉండే తేదీ, కెమెరా, లొకేషన్ వివరాలను తీసేస్తుంది. హెచ్‌డీలో పంపినా అంతే. డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత తగ్గదు, అయినా లొకేషన్ నిలిచిందో లేదో చూసుకోవాలి. ఖాయమైన దారి యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌లోకి కాపీ చేయడమే. విండోస్‌లో ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరిచి ‘డేట్ టేకెన్’ చూడండి. ‘డేట్ క్రియేటెడ్’ను నమ్మొద్దు, కాపీ చేస్తే అది మారిపోతుంది. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆన్‌లో ఉందో లేదో బయల్దేరే ముందే చూడాలి. ఫొటో మీద తేదీ ముద్రించే యాప్‌లు చదవడానికి వీలే గానీ అసలు ఫైలుకు బదులు కావు. వివాదం కోర్టుకెళితే భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్రలాంటి కోడ్) రాయాలి. ఎడిట్ చేసిన కాపీకి ఆ విలువ వేరుగా వస్తుంది. అందుకే ఒరిజినల్స్‌ను ముట్టుకోకుండా ఒక ఫోల్డర్‌లో ఉంచి, గుర్తులు పెట్టడం కాపీల మీదే చేయండి.

ప్రశ్న: మాయిశ్చర్ మీటర్ గోడ మీద 38 చూపించింది. రిపోర్టులో ‘38 శాతం తేమ’ అని రాయొచ్చా?

జవాబు: రాయకండి. రెండు సూదులుండే మీటర్లలో చాలావాటి శాతం చెక్క కోసం సరిచేసింది. ప్లాస్టరు మీద అది పోలికకే పనికొస్తుంది. అదే ఇంట్లో నీళ్లు తగలని గోడ మీద రీడింగ్ తీసి రెండూ పక్కపక్కన రాయండి. ఉప్పు పొంగిన గోడ తేమ తక్కువున్నా ఎక్కువ చూపిస్తుంది, అది కూడా నోట్ చేయాలి.

ప్రశ్న: ఐఫోన్ ఫొటోలు ఆఫీసు కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదు.

జవాబు: అవి హెచ్‌ఈఐసీ అనే ఫొటో ఫార్మాట్‌లోని ఫైళ్లు. ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్, ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే ఇకపై జేపెగ్‌లో వస్తాయి. ఇప్పటికే తీసినవాటిని మార్చుకున్నా పాత ఫైళ్లను చెరిపేయొద్దు.