తన ఇంటి తలుపు తనే కొట్టిన మనిషి గురించి

అమ్మాయ్,

నీ మెయిల్ వచ్చి తొమ్మిది రోజులైంది. 23 పేజీల టెక్నిక్‌ల నోట్సు, 41 షాట్ల జాబితా, స్క్రిప్టు రెండు డ్రాఫ్టులు, చివర్లో ఏడు ప్రశ్నలు. రెండు నిమిషాల థ్రిల్లర్ ఓపెనింగ్ కోసం ఇంత సరంజామా! నిజం చెప్పాలంటే జవాబు రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నోట్సు పదో పేజీకి వచ్చేసరికే ఆవలింతలు మొదలయ్యాయి. డచ్ యాంగిల్, అంటే కెమెరా పక్కకి ఒరిగిస్తే అయోమయం, లో యాంగిల్, అంటే కింద నుంచి చూపిస్తే ఆధిపత్యం, నీలం రంగు అంటే ఒంటరితనం, ఇలా ఎక్కాల పుస్తకంలా రాసుకుంటూ పోయావు. ఒకచోట లో యాంగిల్ పక్కన ‘ఆధిపత్యం’ అని రాశావు చూడు, ఆ షాట్‌లో మనిషి మంచం కింద దాక్కున్నాడు కాబట్టి కెమెరా కింద ఉంది. అంతకుమించి ఏమీ లేదక్కడ.

మూసేద్దామనుకుంటుండగా మొదటి డ్రాఫ్టులో ఆరో షాట్ కనబడింది. ‘ఆమె తన ఇంటి ముందుకు వస్తుంది. చేతిలో తాళంచెవి ఉంది. అయినా తలుపు కొడుతుంది. ఆగుతుంది.’ అంతే రాశావు. దాని మీద ఎర్రగీత కొట్టేసి పక్కన ‘స్లో, 11 సెకన్లు వేస్ట్’ అని రాసుకున్నావు. రెండో డ్రాఫ్టులో ఆ షాటే లేదు. దాని స్థానంలో మిణుకుమిణుకుమనే లైటు, గుండె చప్పుడు, అద్దంలో ఒక ఆకారం వచ్చి కూర్చున్నాయి.

అది చూసి నాకు ఒళ్లు మండింది. అందుకే రాస్తున్నాను.

ఆమె ఒక్కతే ఉంటుందని మూడో షాట్‌లోనే చెప్పేశావు. ఒక్కతే ఉండే మనిషి, చేతిలో తాళంచెవి పెట్టుకుని, సొంత ఇంటి తలుపు ఎందుకు కొడుతుంది? లోపల ఎవరైనా ఉన్నారేమో తెలుసుకోవాలనా? ఉంటే వాళ్లకి వెళ్లిపోయే టైమ్ ఇస్తోందా? రోజూ ఇలాగే చేస్తుందా, ఇవాళే చేసిందా? నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఇన్నేళ్లుగా థ్రిల్లర్లే రాస్తున్నవాణ్ణి, నన్ను కదిలించడం అంత తేలిక కాదు. ఆ షాట్ నువ్వు నోట్సు రాయకముందు రాసి ఉంటావని నా అనుమానం. నోట్సు రాశాక కొట్టేశావు.

41 షాట్లు, 120 సెకన్లు. లెక్క వేస్తే ఒక్కో షాట్‌కి మూడు సెకన్లు కూడా రావు. అంత వేగంలో ప్రేక్షకుడు ఉలిక్కిపడగలడు కానీ భయపడలేడు, ఎందుకంటే భయపడాలంటే ముందు ఊహించుకోవాలి, ఊహించుకోడానికి వ్యవధి కావాలి. ఆ 11 సెకన్లు వాళ్లకి నువ్విచ్చిన వ్యవధి.

బల్ల కింద బాంబు ఉదాహరణ నీ నోట్సు మొదటి పేజీలోనే ఉంది. ఉంటుందని నాకు తెలుసు, అందరి నోట్సులోనూ ఉంటుంది. 1962లో ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫోతో మాట్లాడుతూ సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పింది: బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడికి 15 సెకన్ల ఆశ్చర్యం, బాంబు ఉందని ముందే చెబితే 15 నిమిషాల సస్పెన్స్. బాగానే రాసుకున్నావు. అయితే ఆ సంభాషణల్లోనే ఆయన తన పాత సినిమా ‘సాబొటాజ్’ గురించి చెప్పుకున్న సంగతి ఎవరూ రాసుకోరు. 1936 నాటి సినిమా. ఒక పిల్లవాడు బాంబు అని తెలియకుండా ఒక పొట్లం పట్టుకుని బస్సెక్కుతాడు. మనకి తెలుసు, వాడికి తెలియదు. సూత్రం ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. చివరికి బాంబు పేలింది, పిల్లవాడు పోయాడు, చూసినవాళ్లకి కోపం వచ్చింది. పిల్లవాడి చేత బాంబు మోయించడం పెద్ద తప్పని హిచ్‌కాకే ఒప్పుకున్నాడు. ప్రేక్షకుడికి ఒక సంగతి ముందుగా చెప్పామంటే అతనికి బాకీపడ్డట్టే. ఆ బాకీ ఎలా తీరుస్తావన్నది టెక్నిక్‌ల జాబితాలో దొరకదు.

ఇక నా పిచ్చి నీకు చెప్పాలి, మా ఇంట్లోవాళ్లు విని విని విసిగిపోయారు. థ్రిల్లర్ అంటే నాకు కెమెరా గుర్తు రాదు, చిట్టా పుస్తకం గుర్తొస్తుంది. ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలిసింది, ఎవరికంటే ముందు తెలిసింది. అంతే. మిగతావన్నీ ఆ లెక్క రాయడానికి వాడే సిరా. నీకు నచ్చిన ఓపెనింగ్ ఒకటి తీసుకో, ప్రతి పది సెకన్లకీ ఆపు. కాగితం మీద మూడు గళ్లు గీయి: నాకు తెలిసింది, తెర మీదున్న మనిషికి తెలిసింది, ఇంకా కనబడనివాడికి తెలిసింది. యాంగిల్ గురించి ఒక్క ముక్క రాయకు. రెండు నిమిషాల సినిమాకి పన్నెండు వరుసలొస్తాయి. ఏ వరుసలో మొదటి గడికీ రెండో గడికీ తేడా వచ్చిందో అక్కడ వెనక్కి వెళ్లి, అప్పుడు చూడు కెమెరా ఎక్కడుందో, శబ్దం ఏమైందో. నీ 23 పేజీలకి బదులు ఒక్క పేజీ అవుతుంది, పనికొచ్చే పేజీ.

నీ నోట్సులోంచే ఒకటి తీసుకుందాం. ‘టచ్ ఆఫ్ ఈవిల్’ (1958) ఓపెనింగ్‌కి నువ్వు రాసింది ‘లాంగ్ టేక్, క్రేన్ షాట్, అద్భుతం’. మూడు నిమిషాలకు పైగా కట్ లేకుండా సాగుతుంది, అద్భుతమే, కాదనను. కానీ మొట్టమొదట ఒక చెయ్యి బాంబుకి టైమర్ తిప్పి, దాన్ని కారు డిక్కీలో పెట్టడం తీసేసి చూడు. ఏం మిగిలింది? రాత్రిపూట ఒక వీధి, ఒక కారు, నడిచి వెళ్తున్న ఒక జంట. ట్రాఫిక్! ఆ కొన్ని సెకన్లు చూశాం కాబట్టి కారు ఆగినప్పుడల్లా, ఆ జంట కారు పక్కకొచ్చినప్పుడల్లా మన గుండె జారుతుంది. క్రేన్‌ని నువ్వు అద్దెకు తెచ్చుకోవచ్చేమో, డిక్కీలో బాంబు మాత్రం రాయాల్సిందే.

టైటిల్స్ ఎక్కడ వేయాలని అడిగావు కదా, జవాబు కూడా అదే షాట్‌లో ఉంది. స్టూడియో ఆ షాట్ మీద పేర్లు వేసి, మ్యూజిక్ పెట్టింది. సినిమాని తన చేతిలోంచి తీసుకుని మార్చేశారని దర్శకుడు ఆర్సన్ వెల్స్ 58 పేజీల నోటు రాశాడు. 58 పేజీలు! నీ నోట్సు గురించి ఇందాక నోరు పారేసుకున్నందుకు కాస్త సిగ్గుగా ఉంది. ఆయన 1985లో పోయాడు. 1998లో వాల్టర్ మర్చ్ ఆ నోటు ప్రకారం సినిమాని మళ్లీ ఎడిట్ చేసినప్పుడు ఆ షాట్ మీది అక్షరాలు పోయాయి, మ్యూజిక్ పోయి వీధిలో వినిపించే చప్పుళ్లు, పాటలు వచ్చాయి. రెండు రకాలూ వరసగా చూడు. పేర్లు చదివే కన్ను బాంబుని మర్చిపోతుంది. నీ పేర్లు మొదటి నాలుగు షాట్లలో ఎక్కడ వేసుకుంటావో వేసుకో, ఆమె తలుపు కొట్టే షాట్ మీద మాత్రం నీ పేరైనా సరే వేయకు.

ఎడిటర్లంటే నాకు మంట, దాచుకోను. మర్చ్ కూడా ఎడిటరే కాబట్టి అందులో సగం వెనక్కి తీసుకోవాలి, సరే తీసుకున్నాను. మిగతా సగం ఒక వారపత్రిక ఎడిటర్‌ది. నా మొదటి సీరియల్ ఆయనే వేశాడు, ఆ రుణం ఉంది. ప్రతి వారం చివర్లో ఒక కేకో కత్తో ఉండాలనేవాడు. ఐదో వారం నేను ఇలా ముగించాను: ఒక మనిషి పడుకోబోతూ తాళాలగుత్తి లెక్కపెట్టుకుంటాడు, ఒక తాళంచెవి ఎక్కువుంటుంది. అంతే. రాసినప్పుడు నాకే ఒళ్లు జలదరించింది. అచ్చులో చూస్తే దాని కింద ఇంకో వాక్యం ఉంది, ‘అంతలో వెనక నుంచి ఒక చెయ్యి అతని భుజం మీద పడింది!’ అని. నాకు ఒక్క మాట చెప్పలేదు. ఆ వారం ఉత్తరాలన్నీ చెయ్యి ఎవరిదని. తాళంచెవి గురించి ఒక్కడూ అడగలేదు! ఆ చేతికి ఒక మనిషిని పుట్టించి, ఆ మనిషికి ఒక పగ పుట్టించి, కథని మళ్లీ దారికి తెచ్చుకోడానికి నాకు పదకొండు వారాలు పట్టింది. నీ రెండో డ్రాఫ్టులో అద్దంలో ఆకారం చూడగానే నాకు ఆ చెయ్యి కనబడింది. ఎవరిదది? నీకు తెలుసా? తెలిస్తే స్క్రిప్టులో ఎక్కడా జాడ లేదే!

ఇక ఆ మిణుకుమనే లైటు. నా మొదటి షార్ట్ ఫిల్మ్ ఒక మెట్లదారిలో తీశాం. అద్దె కెమెరా, షట్టర్ సంగతి, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి కెమెరా ఎంతసేపు తెరిచి ఉండాలో, తెలిసినవాడు యూనిట్‌లో ఒక్కడూ లేడు. ఇంటికొచ్చి చూసుకుంటే ట్యూబ్‌లైటు వెలుగు మొత్తం అలలు అలలుగా కొట్టుకుంటోంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద అలాంటి లైటు సెకనుకి 100 సార్లు ఎక్కువ తక్కువలవుతుంది, షట్టర్ సెకనులో 1/50 వంతు దగ్గరో 1/100 వంతు దగ్గరో పెట్టుకోకపోతే అది తెర మీద కనబడిపోతుంది. ఏడుపొక్కటే తక్కువ మాకు. వేసి చూపిస్తే అందరూ ‘ఏం మూడ్ సార్, భలే టెన్షన్!’ అన్నారు. అప్పట్నుంచి మినుకు లైటు ఎక్కడ చూసినా ఇది దర్శకుడి ఆలోచనా, షట్టర్ తప్పా అనే అనుమానమే నాకు. ఆ లైటు ఆమె గురించి ఏం చెబుతోంది? ఏమీ లేదు. బల్బు మార్చాలని చెబుతోంది.

గుండె చప్పుడు గురించి ఎక్కువ రాయను, తీసెయ్. ‘ఆరు నెలల క్రితం’ అని కార్డు వేద్దామా అని అడిగిన ప్రశ్నకీ అదే జవాబు, ఈ మధ్య ఆ కార్డు లేకుండా ఎవరికీ కథ మొదలుపెట్టడం చేతకావట్లేదు. శబ్దం ఎలా వాడాలో చూడాలంటే ఫ్రిట్జ్ లాంగ్ తీసిన జర్మన్ సినిమా ‘ఎమ్’ (1931) మొదటి పది నిమిషాలు చూడు. ఆయన తీసిన మొదటి టాకీ అది. కొత్తగా శబ్దం చేతికొచ్చింది కదా అని వాయించెయ్యలేదు. బడి నుంచి కూతురు రాలేదు, తల్లి పేరు పెట్టి పిలుస్తుంది. ఖాళీ మెట్లు. ఎవరూ ముట్టుకోని కంచం. గడ్డిలో దొర్లి ఆగిన బంతి. తీగల్లో చిక్కుకున్న బెలూన్. వెనక మ్యూజిక్ లేదు. హత్య చూపించలేదు, ఆ పాప ఇక రాదని మాత్రం మనకి తెలిసిపోయింది, తల్లికి ఇంకా తెలియదు. రెండు గళ్ల మధ్య తేడా, మళ్లీ అదే.

హిచ్‌కాక్ ‘సైకో’ సంగతేంటని అడుగుతావు, తెలుసు. అందులో స్నానాల గదిలో హత్య సీన్‌కి మ్యూజిక్ వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లు వినిపించాక మనసు మార్చుకున్నాడు. నా వాదానికి అది అడ్డమే. ఏం చెయ్యను, నువ్వు హెర్మన్‌ని తెచ్చుకోగలిగితే మ్యూజిక్ పెట్టుకో.

సరే, తలుపు దగ్గరికి వద్దాం. కెమెరా ఎక్కడ పెట్టాలన్నది ఇప్పుడు నిజమైన ప్రశ్న అవుతుంది, ఎందుకంటే చోటు మారితే లెక్క మారిపోతుంది. తాళంచెవి ముందు చూపించి తర్వాత తలుపు కొట్టిస్తే అనుమానం కొట్టిన క్షణంలోనే మొదలవుతుంది. ముందు కొట్టించి, ఆగనిచ్చి, ఆ తర్వాత బ్యాగ్‌లోంచి తాళంచెవి తీయిస్తే, ఎవరింటికో వచ్చిందనుకున్నవాళ్లు ఒక్కసారి వెనక్కి తిరిగి ఆలోచించుకోవాలి. అప్పుడు ఒంటరిగా ఉంటుందన్న మూడో షాట్‌ని కూడా వెనక్కి జరపాల్సి వస్తుంది. మొదటిది సస్పెన్స్, రెండోది ఆశ్చర్యం, నేనైతే మొదటిదే. ఇంకో దారి ఉంది. కెమెరా ఇంటి లోపల. ఖాళీ గది, బయట నుంచి తలుపు చప్పుడు, ఎవరూ కదలరు. లోపల ఎవరూ లేరని మనకి తెలుసు, ఆమెకి తెలియదు. హమ్మయ్య అనుకుంటాం. అప్పుడు గమనిస్తాం, పైన ఫ్యాన్ ఇంకా ఆగలేదు, ఎవరో ఇప్పుడే స్విచ్ ఆపినట్టు నెమ్మదిగా తిరుగుతోంది. తాళం తిరుగుతున్న చప్పుడు.

చూశావా, సలహా ఇస్తానని మొదలుపెట్టి నీ సినిమా నేను తీసేస్తున్నాను. ఫ్యాన్ నాది, వాడుకోకు. నీది వెతుక్కో.

అక్కడ మైక్ పెట్టినప్పుడు ఒక పని మాత్రం మర్చిపోకు. షూటింగ్ అయ్యాక అందర్నీ కదలకుండా నిలబెట్టి ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డ్ చెయ్యి. మెట్లదారిలో మేం అది చెయ్యలేదు, తీరా ఎడిటింగ్‌లో మాటల మధ్య గుంటలు పడ్డాయి, ఎడిటర్ వాటిని గాలి హోరుతో నింపాడు. మూసి ఉన్న మెట్లదారిలో గాలి! ఆ 11 సెకన్లలో వినబడేది ఆ నిశ్శబ్దం ఒక్కటే కాబట్టి అది నీ దగ్గర లేకపోతే షాటే లేదు.

ఏ కెమెరా కొనాలో నన్నడగకు. పోటీలకి పంపాలా వద్దా అన్నదానికి తర్వాత రాస్తాను. మిగతా ప్రశ్నలు ఏవో ఉన్నాయి, కాగితం ఎక్కడో పెట్టాను.

మూడో డ్రాఫ్టు పంపు. ఆరో షాట్ ఉండాలి. ఆమె ఎందుకు తలుపు కొట్టిందో నాకు చెప్పకు, నీకు తెలిస్తే చాలు. ఈసారి పేజీలని ఫోన్‌తో ఫోటోలు తీసి కాకుండా మామూలుగా టైప్ చేసి పంపు, పన్నెండో పేజీలో సగం నీ బొటనవేలే ఉంది.