తుప్పు గీకేసిన సస్పెన్షన్ ఆర్మ్‌లకు పౌడర్ కోటింగా, ఎపాక్సీనా?

విశాఖలో సముద్రానికి దగ్గరగా తిరిగే పాత కారు, లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కారు చట్రానికి కలిపే కింది ఇనుప భాగాలు) విప్పి ఇనుము తేలేదాకా గీకారు, మళ్లీ తుప్పు పట్టకూడదు. ఇదీ మీ ప్రశ్న. నేనైతే ఎపాక్సీ ప్రైమర్ (ఇనుముకు గట్టిగా పట్టే అడుగు పూత), దానిపైన 2కే పీయూ (హార్డెనర్ కలిపి వాడే పాలియురెథేన్) పెయింట్ వేస్తాను.

పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగు చల్లి వేడికి కరిగించే పూత, గట్టిదే, చూడ్డానికీ బాగుంటుంది. కానీ దాన్ని సుమారు 180–200 డిగ్రీల ఓవెన్‌లో కాలుస్తారు కాబట్టి రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్ ముందే తీసేయాలి. పైగా రాయి తగిలి ఒకచోట పెచ్చు లేస్తే నీరు అంచు కిందికి పాకుతుంది. పైకి నున్నగానే ఉంటుంది, గోరుతో లాగితే పొరంతా ఊడి వస్తుంది, లోపల ఎర్రటి పొడి! ఎపాక్సీ అయితే దెబ్బ తగిలిన చోట గీకి ఇంట్లోనే అతుకు వేసుకోవచ్చు.

షాపులో చవగ్గా దొరికే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక్కటే కొట్టి వదిలేయకండి, అది తేమను పూర్తిగా ఆపదు.

అసలు పని రంగులో కాదు, తయారీలో ఉంది. 80 నంబర్ ఎమెరీతో గరుకు చేసి, థిన్నర్‌తో జిడ్డు తుడిచి, చేత్తో ముట్టుకోకుండా అదే రోజు ప్రైమర్ వేయాలి. సముద్రపు గాలికి ఒక్క రాత్రి వదిలినా పొద్దున్నకి పసుపు మరకలు కనిపిస్తాయి. బోల్టు మరలకు, బుష్ కూర్చునే చోట టేపు అంటించండి.

2కే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు అవి. స్ప్రే చేస్తే గుడ్డ మాస్కు చాలదు. బ్రష్‌తో వేసుకోండి, కారు కింద ఎవరు చూస్తారు?